కాలువ వెంట మూడో ఆకు

ప్రయాణమంటే మా ఊరివాళ్లకి సగం సామాను పారేసి రావడమే. పోయేటప్పుడు మూటలు మోయలేక మోస్తారు. వచ్చేటప్పుడు చెంబు ఒక ఊళ్లో, తువ్వాలు ఇంకో ఊళ్లో మరిచిపోయి, మిగిలిన పులిహోర రైలు కిటికీలోంచి విసిరేసి, చేతులూపుకుంటా దిగుతారు. నాకట్టాంటివి గిట్టవు. నేను బయల్దేరితే సంచిలో మంచినీళ్లకి మరచెంబు ఉంటుంది, కుట్టిన విస్తరాకుల కట్ట ఉంటుంది, పొట్లాలు కట్టుకోవడానికి పాత పంచె చించిన గుడ్డలుంటాయి. తిన్న ఆకు దోవలో కనిపించిన గొడ్డుకి పెడతాను. పొట్లానికి కట్టిన దారం చుట్టి చెంగున ముడేసుకుంటాను. "కామాక్షమ్మ నడిచిన దోవలో కాకికి మెతుకు దొరకదు" అని మా ఆయన ఎగతాళి. చేసుకోనీ. దండగ అనే మాట అనకుండా నాకు పూట గడవదు, ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

మేం సముద్రం దిక్కుకి పోయి వచ్చినప్పటి నుంచి కనిపించిన వాళ్లంతా అక్కడి సంగతులు చెప్పమంటున్నారు. నెల్లూరికి పడమర పక్క మెట్ట ఊరు మాది. కాలువ మీద పడవ ప్రయాణం ఎట్టుంటుందో మావాళ్లకి తెలీదు. ఒకొక్కరికీ చెప్పే ఓపిక లేక ఇట్టా రాస్తున్నాను.

ఎందుకు పోయినామో ముందు చెప్పాలి. నా తమ్ముడు రమణయ్య సరుగుడు కట్టెల బేరం చేసేవాడు. అంతకు ముందేడు కార్తీకంలో గాలివానకి వాడెక్కిన పడవ తిరగబడింది. పడవలో ఉన్నవాళ్లలో కొందరు ఈదుకుని ఒడ్డుకొచ్చినారు, కొందరు శవాలై దొరికినారు. మావాడొక్కడే ఎటూ కాకుండా పోయినాడు. పడవ అడుగు చెక్కల సందులో ఇరుక్కుని వాడి కుడికాలి చెప్పు మాత్రం దొరికింది. దాన్ని చూడగానే గుర్తుపట్టినాను. అరిగిపోయినాయి, పారేస్తానని వాడంటే, దండగరా అని నేనే రెండింటికీ లారీ టైరు అట్ట వేయించినాను. కుట్టడానికి దారం కూడా నా చెంగు ముడిలోదే, మిఠాయి పొట్లానికొచ్చిన పచ్చదారం.

వాడి భార్య పెంచలమ్మ. వాళ్లిద్దరిదీ ఒకే ఆకు. పెళ్లయిన నాటి నుంచి రమణయ్య అన్నం మధ్యలో వేలితో గీత గీసి, ఇవతలి సగమే తినేవాడు. అవతలి సగం పెళ్లానికి. వాడు లేచినాక ఆ పిల్ల అదే ఆకులో కూర్చుని తినేది. ఆకు కలిసొచ్చిందని నేను కూడా మెచ్చుకునేదాన్ని. వాడు పోయినాక కూడా ఆమె పూటపూటా వాడి ఆకు వేసి, వడ్డించి, ఎదురుగా కూర్చునేది. గీత పడేది కాదు. గీత పడకపోతే ఆమె తినేది కాదు. పొద్దుగూకినాక ఆ అన్నం బర్రెకి పెట్టి, తను ఇంత గంజి తాగి పడుకునేది. ఏడాది తిరిగేసరికి మనిషి సగమైపోయింది. జాకెట్టు చేతులు వేలాడుతుండేవి. అన్నం దండగవుతోందని మొదట్లో నేను అరిచేదాన్ని. ఆ తర్వాత అరవడానికి నాకే భయమేసింది.

చివరికి మా అమ్మ ఆ చెప్పు నా చేతికిచ్చి, "పడవ మునిగిన చోట దీన్ని నీళ్లల్లో వదిలి, తలకి పోసుకుని రండి. ఆ పిల్ల చేత కడుపునిండా ఒక్క పూట తినిపించి తీసుకురా. లేకపోతే వచ్చే కార్తీకానికి ఇదీ ఉండదు" అనింది. పెంచలమ్మ సరేననింది. చెప్పు మాత్రం తన దగ్గరే పెట్టుకుంటానని నా చేతిలోంచి తీసుకుంది.

ముత్తుకూరు

నెల్లూరి నుంచి ముత్తుకూరు దాకా బస్సు. అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తలు, కండక్టరుకీ లెక్క రాదు, మాకూ రాదు, అందరం తలా ఒక మాట అనుకుని దిగినాం. అక్కడ మస్తానన్న మా కోసం కాచుకోనున్నాడు. ఎండుచేపల వ్యాపారి, సొంత పడవుంది, మా తమ్ముడికి స్నేహితుడు. సాయిబు నెమ్మదస్తుడు. మాట్లాడితే బీడీ ఆరిపోతుందేమో అన్నట్టుంటాడు.

ఆ మధ్యాహ్నం పూటకూళ్లింట్లో దిగినాం. చేతులు కడుక్కుని వచ్చేసరికి మూడాకులు వేసున్నాయి. మస్తానన్నకి కాబోలనుకున్నాను. కేకేస్తే, "నేను పడవలోనే వండుకుంటానక్కా, నాకెవురు పెట్టమన్నారు" అన్నాడు బయట నుంచే.

"మేం ఇద్దరమేనమ్మా, మూడో ఆకెందుకు?" అని పూటకూళ్లమ్మని అడిగినాను.

"మీతో మగమనిషున్నాడు గదా" అని ఆమె వడ్డించుకుంటా పోయింది.

పొరపాటు పడిందిలే అనుకున్నాను. వడ్డించిన అన్నం మళ్లీ కుండలో పోయరు గదా. దండగెందుకని ఆ ఆకు కూడా నేనే తిన్నాను. గోంగూర బాగుంది. పెంచలమ్మ తన ఆకులో నాలుగు మెతుకులు కెలికి లేచింది. నేను తింటున్నంతసేపూ నా వైపు కాదు, నేను తింటున్న ఆకు వైపే చూసింది.

కాలువ మీద

పడవ ప్రయాణం సుఖమే. గాలుంటే తెరచాప, లేకపోతే ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తా తాడు పట్టి లాగుతారు. అటూ ఇటూ సరుగుడు తోపులు, మొగలి పొదలు, ఇసక. మనుషులు అరుదు. నీళ్లు మాత్రం నోట పెట్టలేం, ఉప్పన. మంచినీళ్లు కుండలో తెచ్చుకోవాల్సిందే. ఆ పక్క నీళ్ల పొదుపు చూస్తే నాకే సిగ్గేసింది. బియ్యం కడిగిన నీళ్లతో కూరగాయలు కడుగుతారు, వాటితో గిన్నెలు తొలుస్తారు, ఆ కుడితి కూడా మేకకి పోస్తారు. మనం బావి ఉంది గదా అని కాళ్ల మీద కుమ్మరించుకుంటాం.

పెంచలమ్మ పడవ వెనకంచున, వచ్చిన దోవకి మొహం పెట్టి కూర్చుంది. పడవ మధ్యలో కప్పు కింద నీడ ఉంది రమ్మంటే రాలేదు.

తాడు లాగేవాళ్లలో పెద్దాయన మధ్యమధ్య ఆగి, "ఏంది మస్తానూ, బస్తాలు దింపేసినానంటివే. ఇంత బరువేంది?" అన్నాడు.

"ఖాళీ పడవే అన్నా. ఇద్దరు ఆడోళ్లు, అంతే."

"ఇద్దురా?" అని ఆయన పడవ వైపు చూసి, తాడు భుజానేసుకున్నాడు. మస్తానన్న వంగి నీళ్లు ఎక్కడి దాకా వచ్చినాయో చూసినాడు. పడవ నిజంగానే కిందికి దిగి ఉంది. వెనక పక్కకి మరీ ఒరిగి ఉంది. పెంచలమ్మ కూర్చున్నది అక్కడే, అయితే ఆమె బరువెంత, ఎండిన సరుగుడు కొమ్మంత. నేను ముందుకి జరిగి కూర్చున్నాను.

ఉప్పు కొటార్లు

మర్నాడు ఎండ నడినెత్తిన ఉండగా ఉప్పు పండించే కొటార్ల దగ్గర ఆగినాం. కనుచూపు మేర తెల్లగా మడులు. మన వరి మళ్లకి కట్టినట్టే గట్లు కట్టినారు, నీళ్లు కూడా అట్టాగే పారించుకుంటారు. కాకపోతే పైరుండదు, పిట్ట కూతుండదు. ఆ తెలుపుకి కళ్లు నిలవవు. మన మాట మనకే దూరం నుంచి ఎవరో అన్నట్టు వినిపిస్తుంది.

అక్కడ కాపలా ఉండే ఆయన భార్య చెంగమ్మ మాకు వండి పెట్టింది. మన మొలగొలుకుల బియ్యం కొంచెం తీసుకుపోయి ఇచ్చినాను, అట్టాంటి బియ్యం చూసి చాలా కాలమయిందనింది. ఆకులు కూడా నా కట్టే ఇచ్చి పెరట్లోకి పోయినాను. తిరిగొచ్చేసరికి నా కట్టలోంచి తీసి మూడు వేసింది.

నాకు ఒళ్లు మండింది. "రెండు చాలమ్మా. మూడోది దండగ."

"దండగేంది? ఆయనేడి? చల్లారిపోతుండాది, పిలవండి" అనింది చెంగమ్మ.

"ఏ ఆయన?"

"చెప్పులు గడప ముందర ఉండాయి గదమ్మా."

అప్పుడు చెప్పింది ఆ పక్క వాడుక. ఆడవాళ్లకి చెప్పులుండవు. వచ్చిన చుట్టాల్లో మగవాళ్లెందరో గడప ముందరి చెప్పుల్ని బట్టి చూసుకుని ఎసట్లో బియ్యం పోస్తారు. ఎందరని నోరు తెరిచి అడిగితే తిండికి వెనకాడినట్టవుతుంది, అడక్కుండా వండితే మిగిలిపోతుంది. ఎక్కువ వండి పారేసేందుకు వాళ్లకి నీళ్లేవి, కట్టెలేవి? ఈ పద్ధతి నాకు తెగ నచ్చింది. మా ఊళ్లో కూడా పెట్టాలనుకున్నాను.

ఆ తర్వాత గుర్తొచ్చింది, మాకెవరికీ చెప్పులు లేవని. పోయి చూస్తే తడిక వారగా, సగం దాచినట్టు, రమణయ్య కుడికాలి చెప్పు ఉంది.

పెంచలమ్మని ఇంటి వెనక్కి లాక్కుపోయినాను. "ముత్తుకూరులో కూడా ఇదే పని చేసినావా?"

"చేసినా వదినా."

"ఎందుకే?"

"ఏ గడపో తెలియక తిరుగుతున్నాడేమో. చెప్పు చూస్తే గుర్తుపడతాడు గదా."

"ఒంటి చెప్పుతో ఎట్టా వస్తాడే పిచ్చిదానా?"

"అందుకే గదా రాలేకపోతున్నాడు" అనింది. ఏడుపు లేదు, పాడు లేదు. పొద్దున బర్రె పాలివ్వలేదని చెప్పినంత మామూలుగా చెప్పింది.

భయం నాకు ఎప్పుడూ కోపంగానే బయటికొస్తుంది. చెప్పు లాక్కుని, పంచె గుడ్డలో చుట్టి, నా సంచి అడుగున పెట్టి, పైన చీరలు కుక్కి, మూతికి మూడు ముళ్లేసినాను. "నీళ్లల్లో వదిలే దాకా ఇది నా దగ్గరే ఉంటుంది" అన్నాను. ఆమె సరేననింది. మూడో ఆకులో అన్నం తాడు లాగేవాళ్లకి పెట్టినాను. పెద్దాయన వద్దని తల తిప్పుకున్నాడు. రెండో అతనే తిన్నాడు. ఆ రాత్రి పడవలో సంచి తలకింద పెట్టుకునే పడుకున్నాను.

అంకమ్మ ఇల్లు

పడవ మునిగింది పులికాటు సరస్సు సముద్రంలో కలిసే మొగదల, ఒక పల్లె దగ్గర. ఊరి పేరు రాయను, అక్కడి వాళ్లకి అది చెరుపు. మేం దిగిన పొద్దున మంచు పట్టి ఉంది. నీళ్లు ఎక్కడ ఆగినాయో, ఇసక ఎక్కడ మొదలయిందో తెలీలేదు. వలలు సర్దుకునేవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి గానీ మనుషులు కనిపించలేదు.

తమ్ముడి పడవలో బతికి బయటపడిన వాళ్లలో అంకమ్మ మొగుడొకడు. ఆయన వేటకి పోయున్నాడు. అంకమ్మే ఇంట్లోకి పిలిచింది. పల్లెకారుల ఇంట్లో తిన్నామని మావాళ్లు ఏమనుకుంటారో అనుకోనీ, ఆ మనిషి పెట్టిన మర్యాద మా చుట్టాల్లో ఎవరూ పెట్టలేదు. ఆ ఇంట్లో పారేసేది ఏదీ లేదు. చిరిగిన వల ఉయ్యాలయింది. విరిగిన పడవ చెక్క తలుపయింది. చేప పొట్టలు కొబ్బరి చెట్టు మొదట్లో పూడుస్తారు, గుల్లలు కాల్చి సున్నం చేస్తారు. సముద్రం ఒడ్డుకి వేసిన చెక్కనీ గుడ్డనీ కూడా తెచ్చి దాస్తారు, ఎవరిదో ఒకరిది అయి ఉంటుందంటారు.

మంచు విడిచి ఎండ వచ్చినాక అన్నానికి లెమ్మనింది. మామిడికాయ వేసిన చేపల పులుసు. నేల మీద తామరాకులు పరిచింది. మూడు.

నేను పెంచలమ్మ వైపు చూసినాను. ఆమె చేతులు ఖాళీ. సంచి నా భుజం మీదే ఉంది, ముళ్లు ముళ్లుగానే ఉన్నాయి.

"అంకమ్మా, ఆ మూడో ఆకెవరికి?"

"చెప్పుంది గదమ్మా బయట. ఒకటే ఉందేందా, రెండోది యాడ జారవిడిచినాడా అనుకున్నా" అని మూడాకుల్లోనూ అన్నం పెట్టి, పులుసు పోసింది.

ఈ పిల్ల ఎట్టాగో సంచి విప్పిందనుకున్నాను. అక్కడే కూలబడి ముళ్లు విప్పి, చీరలు తీసి, అడుగున చూసినాను. గుడ్డ చుట్టినట్టే ఉంది. విప్పితే కుడికాలి చెప్పు, పొడిగా. దాన్ని పట్టుకునే గడప దగ్గరికి పోయినాను. పెంచలమ్మా, అంకమ్మా నా వెనకే వచ్చినారు.

గడప ముందర ఎడమకాలి చెప్పుంది. తడిసి ఉబ్బిపోయి ఉంది, తోలు పట్టీల సందుల్లో నాచు పట్టింది. అడుగున లారీ టైరు అట్ట, అంచున పచ్చదారం కుట్టు. కింద ఇసక దాని చుట్టూ తడిసి ఉంది. తడి ఇంకా పెరుగుతోంది. ఒడ్డు నుంచి గడప దాకా మా ఇద్దరి అడుగులూ, అంకమ్మ అడుగులూ తప్ప ఇంకెవరివీ లేవు.

సముద్రమే ఎప్పుడో ఒడ్డుకి వేస్తే ఎవరో తెచ్చి పెట్టినారేమోనని అంకమ్మని అడిగినాను. ఇందాక ఊడ్చినప్పుడు లేదనింది. మేం లోపలికి వచ్చినాకే చూసినాననింది. పెంచలమ్మ మటుకు కూర్చుని, నా చేతిలోది తీసుకుని, ఎడమదాని పక్కన ఆనించి పెట్టింది. ఎవరన్నా ఇప్పుడే విడిచి లోపలికి పోయినట్టుంది. ముగ్గురం ఒకేసారి ఇంట్లోకి చూసినాం.

ఇంట్లో ఎవరూ లేరు. రెండాకుల్లో అన్నం వడ్డించినట్టే ఉంది. మూడో ఆకులో మధ్యలో గీతుంది. ఇవతలి సగం ఖాళీ. అవతలి సగం చెయ్యి పడకుండా ఉంది.

నేను కోడి కోసం వెతికినాను, పిల్లి కోసం వెతికినాను. వెతుకుతానే ఉన్నాను, కోడి గీత గీయదని తెలుస్తానే ఉంది. పెంచలమ్మ నన్ను దాటుకుని పోయి ఆ ఆకు ముందు కూర్చుంది. అవతలి సగం తన వైపుకి తిప్పుకుని తినడం మొదలుపెట్టింది. పెద్ద పెద్ద ముద్దలు. ముల్లు తీసుకుంటా, వేళ్లు నాకుతా తిన్నది.

"ఇంకొంచెం పులుసు పొయ్యి అంకమ్మక్కా" అనింది.

అంకమ్మ పోసింది. పెంచలమ్మ మళ్లీ అన్నమడిగింది, అంకమ్మ పెట్టింది. ఏడాదిగా నేను చూడాలనుకున్నది అదే. చూస్తుంటే ఏడుపొచ్చింది, పారిపోదామనీ అనిపించింది. నా ఆకులో అన్నం అట్టాగే ఉండిపోయింది. ఒక్క మెతుకు ముట్టలేకపోయినాను. పుట్టి బుద్ధెరిగినాక నేను అన్నం వదిలి లేచింది అప్పుడే.

ఆ తర్వాత పెంచలమ్మే ఆ జత తీసుకుని మోకాటి లోతు నీళ్లల్లోకి దిగి వదిలింది. గాలి సముద్రం మీద నుంచి ఒడ్డుకి కొడుతోంది. నురగ, నాచు, పుల్లలు అన్నీ మా కాళ్లకే వచ్చి తగులుతున్నాయి. ఆ రెండూ మాత్రం ఒకదాని ముందొకటి పడుతూ లోపలికి పోయినాయి. మేం తలకి పోసుకున్నాం. కనిపించినంత దూరం చూసి, వెనక్కి తిరిగినాం.

సూళ్లూరుపేట

మస్తానన్న మమ్మల్ని పడవలో అవతలి ఒడ్డుకి చేర్చినాడు, అక్కడి నుంచి సూళ్లూరుపేటకి పోయి రైలెక్కినాం. స్టేషన్లో సగం మంది అరవం, సగం మంది తెలుగు, దోసె మాత్రం ఒకటే. పెంచలమ్మ రెండు తిన్నది. నీళ్లకని సంచిలో చెయ్యి పెడితే మరచెంబు లేదు. అంకమ్మ ఇంట్లో మరిచిపోయినాను. ఇంకెప్పుడన్నా అయితే దిగి వెనక్కి పోయుండేదాన్ని. ఈసారి ఉండనీలే అనుకున్నాను. ఒడ్డుకి చేర్చేటప్పుడు పడవ తేలికగా ఉందా అని మస్తానన్నని అడగాలనుకుని, అడగలేకపోయినాను. పెంచలమ్మ నా భుజం మీద తల పెట్టి గూడూరు దాటే దాకా నిద్రపోయింది.

ఇల్లు

పుట్టింటికి చేరేసరికి అమ్మ వంట చేసి కాచుకోనుంది. జరిగింది అప్పుడు అమ్మకి చెప్పలేదు. చెప్పు వదిలి వచ్చినామని మాత్రం చెప్పినాను. అమ్మ కళ్లు తుడుచుకుని ఆకులు వేసింది. మాకు ముగ్గురికీ మూడు, ఆ చేత్తోనే రమణయ్య చోట నాలుగోది. ఏడాది అలవాటు.

పెంచలమ్మ వంగి ఆ ఆకు తీసింది. దుమ్ము దులిపి, చెంగుతో తుడిచి, కట్టలో దోపింది.

"ఆకు దండగత్తా" అనింది.

నా మాట అది. పుట్టినప్పటి నుంచి అందరినీ ఆ మాటతో సతాయించిన దాన్ని నేను. ఆమె నోట విన్నాక నాకు అది భరించలేనిదయింది. "ఉండనియ్యవే, ఈ ఒక్క పూటకి వెయ్యి" అని బతిమాలినాను.

"వద్దు వదినా. ఆయన తిన్నాడు" అని, తన ఆకు ముందుకి లాక్కుని, నిండా అన్నం పెట్టుకుంది.